ఒక మైక్రోవోల్టుకు ఇరవై గ్రాములు

పసుపు కాంటాలో పాడైన ఆప్-ఆంప్ స్థానంలో మరొకటి వేసే ముందు వేసుకోవాల్సిన లెక్క

వంద కిలోల ఎలక్ట్రానిక్ కాంటా మీద అరవై కిలోల పసుపు బస్తా పెట్టగానే ప్లాట్‌ఫాం కింది లోడ్ సెల్‌లో పుట్టే వోల్టేజీ సుమారు 3 మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ ఇచ్చే 1.5 వోల్టుల్లో ఇది ఐదు వందల వంతు. ఇంత సన్నటి సంకేతాన్ని వందల రెట్లు పెంచి, అంకెలుగా మార్చే చిప్‌కు అందించే పని ఆపరేషనల్ యాంప్లిఫయర్‌ది. మెకానిక్కుల మాటలో ఆప్-ఆంప్. చూడ్డానికి ఎనిమిది కాళ్ల చిన్న నల్ల ఐసీ.

అది కాలిపోయి, అదే నంబరుది చేతికి అందకపోతే ఏం చేయాలి? నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో పసుపు సీజన్ నడుస్తుండగా ఈ ప్రశ్న వస్తే ఆగి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం అన్నీ దాటుకుని వేల్పూర్, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీమ్‌గల్ వైపు పల్లెల నుంచి బస్తాలు బయలుదేరే రోజులవి. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్ యార్డులోనైనా, ఊళ్లో కల్లం దగ్గరైనా, తొమ్మిది నెలల పంట డబ్బుగా మారేది కాంటా చూపించే అంకె మీదే. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది ఈ జిల్లా కేంద్రంలోనే. క్వింటాల్ ధర మీద ఎంత చర్చ జరిగినా, రైతు చేతికి వచ్చేది ధరను తూకంతో గుణిస్తే వచ్చే మొత్తం.

పాత ఐసీకి బదులు ఏది వేయొచ్చని అడిగితే రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఒకటి, కాళ్లు సరిపోతే ఏదైనా చాలు. రెండు, ఖరీదైనది వేస్తే ఇంకా మంచిది. రెండూ సగం సగం జవాబులే. ఐసీ డేటాషీట్‌లోని ప్రతి వరుసనూ మన కాంటా గ్రాముల్లోకి మార్చి చూస్తే తప్ప ఏ వరుస ముఖ్యమో, ఏది కాదో తేలదు. ఆ మార్పిడే ఈ కథనం.

మైక్రోవోల్టుకు మారకపు రేటు

లోడ్ సెల్ ఒక లోహపు దిమ్మె. దాని మీద నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలుపుతారు. బరువు పడితే దిమ్మె కంటికి కనిపించనంతగా వంగుతుంది, గేజ్‌ల నిరోధం కొద్దిగా మారుతుంది, బ్రిడ్జి రెండు చివరల మధ్య చిన్న వోల్టేజీ తేడా వస్తుంది. దాని సున్నితత్వాన్ని వోల్టుకు ఇన్ని మిల్లీవోల్టులని లేబుల్ మీద రాస్తారు. బాగా వాడుకలో ఉన్న విలువ 2.

లెక్క కోసం ఒక కాంటా అనుకుందాం. సామర్థ్యం 100 కిలోలు, చూపించే మెట్టు 20 గ్రాములు. అంటే మొత్తం 5,000 మెట్లు. లోడ్ సెల్ సామర్థ్యం 200 కిలోలు. ప్లాట్‌ఫాం బరువుకూ, బస్తాను ధడాలున పడేసినప్పటి దెబ్బకూ తట్టుకునేలా కాంటా కన్నా పెద్ద సెల్ వేయడం మామూలే. సెల్‌కు ఇచ్చే సరఫరా 5 వోల్టులు.

అప్పుడు 200 కిలోలకు సెల్ ఇచ్చేది 10 మిల్లీవోల్టులు. 100 కిలోలకు 5 మిల్లీవోల్టులు. కిలోకు 50 మైక్రోవోల్టులు. ఇరవై గ్రాములకు సరిగ్గా ఒక మైక్రోవోల్టు, అంటే వోల్టులో పది లక్షల వంతు.

ఇదే మన మారకపు రేటు. డాలరు ధర తెలిస్తే విదేశీ వస్తువు ఎంత పడుతుందో చెప్పగలిగినట్టు, ఈ ఒక్క సంఖ్య తెలిస్తే డేటాషీట్‌లోని ఏ మైక్రోవోల్టునైనా గ్రాముల్లో చెప్పేయొచ్చు. మీ కాంటాలో సెల్ వేరే, వోల్టేజీ వేరే అయితే రేటు మారుతుంది, పద్ధతి మారదు. సెల్‌కు 10 వోల్టులు ఇచ్చే కార్డులో మైక్రోవోల్టుకు 10 గ్రాములే పడుతుంది. ఆప్-ఆంప్ చేసే ప్రతి తప్పు సగమవుతుంది.

చట్టం గీసిన గీత

ఎంత తప్పు వరకు సరే? ఇది మెకానిక్ ఇష్టం కాదు. తూకపు యంత్రాలను కచ్చితత్వాన్ని బట్టి నాలుగు తరగతులు చేశారు. మార్కెట్లో సరుకు తూచే కాంటాలు మామూలుగా మూడో తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిలో తనిఖీ సమయంలో మొదటి 500 మెట్ల వరకు అర మెట్టు, 500 నుంచి 2,000 మెట్ల వరకు ఒక మెట్టు, ఆ పైన ఒకటిన్నర మెట్లు అటూ ఇటూ ఉండొచ్చు. మన కాంటాకు వర్తింపజేస్తే 10 కిలోల దాకా 10 గ్రాములు, 40 కిలోల దాకా 20 గ్రాములు, 100 కిలోల దాకా 30 గ్రాములు. అరవై కిలోల బస్తాకు ఉన్న సందు 30 గ్రాములే. అంటే ఒకటిన్నర మైక్రోవోల్టులు.

దీనికి తోడు ఉష్ణోగ్రత షరతు ఉంది. తూకపు యంత్రాల అంతర్జాతీయ ప్రమాణం ఓఐఎంఎల్ ఆర్76 ప్రకారం, ఖాళీ కాంటా చూపించే సున్నా, చుట్టూ వేడి 5 డిగ్రీలు మారితే ఒక మెట్టుకు మించి కదలకూడదు. మన కాంటాకు 5 డిగ్రీలకు ఒక మైక్రోవోల్టు, డిగ్రీకి 0.2 మైక్రోవోల్టు. గ్రాముల్లో చెబితే డిగ్రీకి 4 గ్రాములు. ఈ చివరి సంఖ్యను గుర్తుంచుకోండి. ప్రత్యామ్నాయ ఐసీల్లో చాలావాటిని వడపోసేది ఇదే.

ఐదు ఐసీలు, ఐదు లెక్కలు

దుకాణాల్లో తరచూ కనిపించే నాలుగు నంబర్లనూ, అంత సులువుగా దొరకని ఒకదాన్నీ తీసుకుందాం.

మొదటిది 741. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లాగర్ రూపొందించగా 1968లో వచ్చింది. పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఇప్పటికీ మొదటి పాఠం దీనితోనే. రెండోది ఎల్ఎం358. ఒకే ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లు, ఒంటి బ్యాటరీ మీద నడుస్తుంది, చాలా చవక. మూడోది టీఎల్072. ఆడియో కార్డుల్లో పేరున్నది. నాలుగోది ఓపీ07. 1975లో పీఎంఐ సంస్థ తెచ్చింది, తయారీ దశలోనే ఐసీ లోపలి తేడాను సరిచేసి పంపడం దీని ప్రత్యేకత. ఐదోది ఓపీఏ333. ఇది ప్రతి 8 మైక్రోసెకన్లకోసారి తన తప్పును తానే కొలుచుకుని దిద్దుకునే రకం.

ఆప్-ఆంప్ లోపల ఉండే శాశ్వత తేడాను ఆఫ్‌సెట్ అంటారు. ఇన్‌పుట్‌లో ఏమీ లేకపోయినా కొంత ఉన్నట్టు భ్రమపడే గుణం అది. ఆ ఆఫ్‌సెట్ వేడితో మారడాన్ని డ్రిఫ్ట్ అంటారు. డేటాషీట్‌లోని ఈ రెండు వరుసలను మన రేటుతో మార్చితే ఇలా వస్తుంది. చివరి గడిలో, పొద్దున 18 డిగ్రీలు, మధ్యాహ్నం 32 డిగ్రీలు అనుకుని 14 డిగ్రీల తేడాకు లెక్క వేశాను.

| ఐసీ | గరిష్ఠ ఆఫ్‌సెట్ | బరువులో | డిగ్రీకి డ్రిఫ్ట్ | బరువులో | 14 డిగ్రీలకు |
|---|---|---|---|---|---|
| 741 | 6 మిల్లీవోల్టులు | 120 కిలోలు | 15 మైక్రోవోల్టులు | 300 గ్రా. | 4.2 కిలోలు |
| టీఎల్072 | 10 మిల్లీవోల్టులు | 200 కిలోలు | 18 మైక్రోవోల్టులు | 360 గ్రా. | 5.04 కిలోలు |
| ఎల్ఎం358 | 7 మిల్లీవోల్టులు | 140 కిలోలు | 7 మైక్రోవోల్టులు | 140 గ్రా. | 1.96 కిలోలు |
| ఓపీ07 సి గ్రేడు | 150 మైక్రోవోల్టులు | 3 కిలోలు | 0.5 మైక్రోవోల్టు | 10 గ్రా. | 140 గ్రా. |
| ఓపీఏ333 | 10 మైక్రోవోల్టులు | 200 గ్రా. | 0.05 మైక్రోవోల్టు | 1 గ్రా. | 14 గ్రా. |

పట్టికలోని డ్రిఫ్ట్ సంఖ్యలన్నీ ఒకే తీరువి కావు. ఎల్ఎం358, టీఎల్072, ఓపీ07లవి సగటు విలువలు. కంపెనీ హామీ ఇచ్చేది సగటుకు కాదు, గరిష్ఠానికి. ఓపీ07 సి గ్రేడు గరిష్ఠ డ్రిఫ్ట్ 1.8 మైక్రోవోల్టులు, ఆ లెక్కన 14 డిగ్రీలకు 140 గ్రాములు కాస్తా 504 గ్రాములవుతుంది. ఓపీఏ333కు ఇచ్చింది గరిష్ఠ విలువే. 741 సంగతి ఇంకా చిత్రం. 15 మైక్రోవోల్టులన్నది దాని మెరుగైన ఎ గ్రేడుకు రాసిన గరిష్ఠం. దుకాణంలో దొరికే మామూలు గ్రేడుకు డేటాషీట్‌లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి అంటే తప్పు లేదని కాదు, ఎంతుంటుందో కంపెనీ మాట ఇవ్వడం లేదని.

ఇక్కడ లెక్కించింది ఒకే ఆప్-ఆంప్‌కు. లోడ్ సెల్ రెండు తీగలకూ చెరొక ఆప్-ఆంప్ ఉండే డిజైన్లు ఎక్కువ. ఆ రెండూ చెరో దిక్కుకు జారితే తప్పు రెట్టింపవుతుంది.

సున్నా బటన్‌తో పోయేది, పోనిది

ఆఫ్‌సెట్ గడి చూసి 120 కిలోల తప్పా అని బెదిరిపోనక్కర్లేదు. ఖాళీ కాంటా మీద సున్నా బటన్ నొక్కితే ఆ క్షణాన ఉన్న ఆఫ్‌సెట్ మొత్తం తీసివేతలో పోతుంది. కాకపోతే ఒక హద్దు ఉంది. 200 రెట్లు పెంచే కార్డులో 6 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ 1.2 వోల్టులై కూర్చుంటుంది. అసలు సంకేతం, నిండు బరువుకు కూడా, 200 రెట్లు పెరిగాక ఒక వోల్టే. కార్డులో ఆ రెండింటికీ చోటు ఉంటే సరి. లేకపోతే 80 కిలోలు దాటాక అంకె కదలకుండా ఆగిపోవడం లాంటి వింతలు కనిపిస్తాయి.

సున్నా బటన్‌తో పోనిది డ్రిఫ్ట్. పొద్దున ఎనిమిదికి సున్నా చేసి, మళ్లీ ముట్టుకోకుండా మధ్యాహ్నం దాకా తూస్తే, ఎల్ఎం358 వేసిన కాంటాలో సున్నా దాదాపు రెండు కిలోలు జారి ఉండొచ్చు. ప్లాట్‌ఫాం ఖాళీ అయిన ప్రతిసారీ తనంతట తాను సున్నాను దిద్దుకునే ఏర్పాటు చాలా కాంటాల్లో ఉంటుంది కాబట్టి ఈ తప్పు మొత్తంగా బయటపడదు. అందుకే తప్పుడు ఐసీ వేసిన కాంటా కూడా బల్ల మీద పరీక్షిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం మీద బరువు అలాగే ఉన్నప్పుడు ఆ దిద్దుబాటు పనిచేయదు. ఒక బస్తా దించక ముందే మరొకటి ఎక్కించే రద్దీలో అసలు రంగు తెలుస్తుంది. సున్నా ఎంత దిద్దుకున్నా, ప్రమాణం మాత్రం ఆ సౌకర్యాన్ని ఆపేసి ఐసీ అసలు గుణాన్నే చూడమంటుంది.

డబ్బు లెక్కలో చూద్దాం. క్వింటాల్ 12,000 రూపాయలు అనుకుంటే కిలో 120. 1.96 కిలోల తేడా విలువ 235 రూపాయలు. 140 గ్రాములది 17 రూపాయలు. 14 గ్రాములది రూపాయి డెబ్బై పైసలు. ఈ తేడా ఎప్పుడూ రైతుకే నష్టమని కాదు. డ్రిఫ్ట్ ఏ దిక్కుకు పోతుందో ఐసీ ఐసీకి మారుతుంది. ఒక కాంటాలో అమ్మేవాడు, మరో కాంటాలో కొనేవాడు నష్టపోతారు. ఇద్దరికీ తెలియదు, తూకం వేసే దడ్వాయికీ తెలియదు.

డిగ్రీకి 4 గ్రాముల గీత దగ్గర నిలబడి పట్టిక మళ్లీ చూడండి. మొదటి మూడూ లెక్కలోకే రావు. మంచి పేరున్న ఓపీ07 సగటు విలువ దగ్గరే 10 గ్రాములతో గీత దాటేసింది. సెల్‌కు 10 వోల్టులిచ్చే కార్డులో గీత 0.4 మైక్రోవోల్టుకు పెరుగుతుంది, ఓపీ07 దానికి దగ్గరగా వస్తుంది కానీ లోపలికి రాదు. మెట్టు 50 గ్రాములుండే కాంటాలో 10 వోల్టుల మీద అయితే ఒక మైక్రోవోల్టు దాకా సందు ఉంటుంది కాబట్టి సగటు ఓపీ07 హాయిగా పాసవుతుంది. అంటే ఓపీ07 మంచిదా కాదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ మెట్టుకు, ఎన్ని వోల్టుల మీద అన్నదే ప్రశ్న.

ఈ కాంటాకు అక్కరకు రాని గొప్పలు

టీఎల్072 గురించి చెప్పేవాళ్లు దాని ఇన్‌పుట్ కరెంటు గురించి గొప్పగా చెబుతారు. 741 సగటున 80 నానోఆంపియర్లు లాగితే, టీఎల్072 లాగేది అందులో వెయ్యో వంతు కన్నా తక్కువ. నిజమే. అయితే ఆ కరెంటు తప్పుగా మారాలంటే దారిలో పెద్ద నిరోధం ఉండాలి. 350 ఓమ్‌ల లోడ్ సెల్ ఒక్కో తీగ వైపు చూపించే నిరోధం 175 ఓమ్‌లే. 741 కరెంటు దాని మీద 14 మైక్రోవోల్టులు చేస్తుంది, రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా చేస్తుంది కాబట్టి చాలా భాగం రద్దవుతుంది. మిగిలేది రెండు కరెంటుల మధ్య తేడా, సగటున 20 నానోఆంపియర్లు, అంటే 3.5 మైక్రోవోల్టులు. అందులోనూ మారకుండా ఉండే భాగం సున్నా బటన్‌తో పోతుంది. పీహెచ్ మీటర్‌లో, అంటే కోట్ల ఓమ్‌ల నిరోధం ఉన్న చోట, టీఎల్072 రాజు. కాంటాలో దానికి ఆ అవకాశమే లేదు.

వేగమూ అంతే. టీఎల్072 మైక్రోసెకనుకు 13 వోల్టులు ఎగబాకగలదు, ఓపీఏ333 0.16 వోల్టు మాత్రమే. కాంటా మీది బస్తా నిలకడకు రావడానికి సెకను పడుతుంది. 200 రెట్లు పెంచుతూ కూడా ఓపీఏ333 సెకనుకు 1,700కు పైగా కంపనాలను అందుకోగలదు. మనకు కావాల్సింది పది. ఇక్కడ మందగమనం లోపం కానే కాదు.

తక్కువ డ్రిఫ్ట్‌కు చెల్లించే ధర

అయితే ఓపీఏ333 కళ్లు మూసుకుని వేసేయొచ్చా? ఇంకో వరుస ఉంది: నాయిస్. సున్నా దగ్గర అంకె అటూ ఇటూ వణకడానికి కారణాల్లో ఇదొకటి. సెకనుకు 0.1 నుంచి 10 కంపనాల మధ్య ఓపీ07 నాయిస్ సుమారు 0.38 మైక్రోవోల్టు, అంటే 8 గ్రాముల లోపు. ఓపీఏ333ది 1.1 మైక్రోవోల్టులు, అంటే 22 గ్రాములు. ఒక మెట్టు కన్నా ఎక్కువ. తన తప్పును తాను దిద్దుకునే ఐసీ ఆ పనికి చెల్లించే మూల్యం ఇది.

దీనికి విరుగుడు ఉంది. కొలతను ఒక సెకను పాటు సగటు చేస్తే ఓపీఏ333 నాయిస్ 0.3 మైక్రోవోల్టుకు దిగుతుంది, 6 గ్రాములకు. కాంటా ప్రోగ్రాంలో సగటు చేసే ఏర్పాటు ఉండి, దాన్ని కాస్త పెంచగలిగితే ఈ ఇబ్బంది పోతుంది. అంకె నిలబడడానికి అర సెకను ఎక్కువ పడుతుంది, అంతే.

కాళ్లు కలిస్తే సరిపోదు

ఇంతవరకు చూసింది కచ్చితత్వం. ఐసీ బతికి ఉండాలంటే వోల్టేజీ కూడా సరిపోవాలి. ఓపీఏ333 పని చేసేది 1.8 నుంచి 5.5 వోల్టుల మధ్య. 7 దాటితే పోతుంది. మన కాంటాల్లో ఎక్కువగా ఉండే 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో 7 వోల్టులు దాటుతుంది. ఆప్-ఆంప్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వచ్చే కార్డులో ఎల్ఎం358 తీసి ఓపీఏ333 జంట రూపమైన ఓపీఏ2333 వేస్తే, కాళ్ల వరుస సరిగ్గా కలుస్తుంది, చార్జర్ పెట్టిన రోజున ఐసీ కాలుతుంది. 5 వోల్టుల రెగ్యులేటర్ తర్వాత ఉన్న కార్డులో అదే ఐసీ నిశ్చింతగా ఉంటుంది. పైగా అది ఉపరితలం మీద అతికించే చిన్న ప్యాకేజీల్లోనే వస్తుంది. పాత సాకెట్‌లో పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ బోర్డు కావాలి.

ఓపీ07 ఇబ్బంది తిరగేసిన రకం. దానికి కనీసం ప్లస్ 3, మైనస్ 3, మొత్తం 6 వోల్టులు కావాలి. ఒంటి 5 వోల్టుల కార్డులో అది పని చేస్తుందన్న హామీ లేదు. ఎల్ఎం358 మాత్రం 3 వోల్టుల నుంచి 32 దాకా ఒంటి బ్యాటరీ మీద నడుస్తుంది, ఇన్‌పుట్ సున్నా దగ్గర ఉన్నా పట్టించుకోదు. అవుట్‌పుట్ మాత్రం పై వోల్టేజీకి ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది.

741 తీసి ఓపీ07 వేసేవాళ్లు ఒక చోట జాగ్రత్తపడాలి. రెండింటికీ 2, 3, 4, 6, 7 కాళ్లు ఒకటే. ఆఫ్‌సెట్ సరిచేసే కాళ్లు మాత్రం వేరు. 741లో 1, 5 కాళ్ల మధ్య 10 కిలోఓమ్‌ల పాట్ (పొటెన్షియోమీటర్) పెట్టి దాని నడిమి కొనను మైనస్‌కు కలుపుతారు. ఓపీ07లో 1, 8 కాళ్ల మధ్య 20 కిలోఓమ్‌ల పాట్, నడిమి కొన ప్లస్‌కు. పాత పాట్‌ను అలాగే వదిలేస్తే ఓపీ07 ఒకటో కాలు మైనస్ వైపు లాగబడి, తయారీలో చేసిన దిద్దుబాటంతా వృథా అవుతుంది. పాట్ విప్పేసి, ఐసీని దాని మానాన వదిలేయడమే మేలు.

ప్లస్, మైనస్ 5 వోల్టుల పాత కార్డు, 741 కాళ్ల వరుస, తక్కువ డ్రిఫ్ట్ మూడూ కావాలంటే ఎల్‌టీసీ1050 లాంటివి ఉన్నాయి. అదీ స్వయంగా దిద్దుకునే రకమే: ఆఫ్‌సెట్ గరిష్ఠం 5 మైక్రోవోల్టులు, మొత్తం సరఫరా 4.75 నుంచి 16 వోల్టులు. నాయిస్ 1.6 మైక్రోవోల్టులు కాబట్టి సగటు తప్పనిసరి.

తప్పు నిజంగా ఐసీదేనా?

మార్చే ముందు వేయాల్సిన లెక్క ఇంకోటి ఉంది. పసుపు యార్డులో గాలి నిండా దుమ్ము. ఆ దుమ్ము కార్డు మీద పేరుకుని, చెమ్మ తగిలితే 5 వోల్టుల గీతకూ సంకేతపు తీగకూ మధ్య సన్నటి దారి ఏర్పడుతుంది. దాని నిరోధం కోటి ఓమ్‌లు ఉన్నా సరే, సంకేతపు తీగ సుమారు 2.5 వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి పావు మైక్రోఆంపియర్ కారుతుంది. 175 ఓమ్‌ల మీద అది 44 మైక్రోవోల్టులు. మన రేటులో 875 గ్రాములు. చవక మల్టీమీటర్‌కు కోటి ఓమ్‌లంటే తెగిన తీగతో సమానం. కాంటాకు అది దాదాపు కిలో. పైగా పొద్దున చెమ్మకు పెరిగి ఎండెక్కాక తగ్గుతుంది కాబట్టి అచ్చం ఐసీ డ్రిఫ్ట్‌లాగే కనిపిస్తుంది.

కాబట్టి ముందు కార్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. తర్వాత లోడ్ సెల్ విప్పేసి, ఇన్‌పుట్ తీగలు రెండింటినీ కలిపి, సెల్ ఉన్నప్పటిలాగే సరఫరాలో సగం వోల్టేజీ దగ్గర ఉంచి చూడాలి. అప్పుడు అంకె నిలకడగా ఉంటే అనుమానం సెల్ మీదికి, దాని కేబుల్ మీదికి పోవాలి. అప్పటికీ జారుతుంటే ఐసీ వంతు. పక్కనున్న రెసిస్టర్లనూ వదలొద్దు. డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారే రకం రెసిస్టర్, దాని జతగాడు కదలకపోతే, 14 డిగ్రీలకు 0.14 శాతం తప్పు తెస్తుంది. వంద కిలోల మీద 140 గ్రాములు. మేలిరకం ఐసీ వేసి పక్కన మామూలు రెసిస్టర్ వేస్తే పెట్టిన డబ్బు వృథా.

రెండు బ్యాటరీలతో పరీక్ష

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చినా, కొరియర్‌లో తెప్పించినా, ఐసీ మీద రాసిన నంబరును నమ్మాల్సిన పని లేదు. నకిలీ అచ్చులు మార్కెట్లో ఉన్నాయి. పరీక్ష సులువు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్లస్, మైనస్ సరఫరా ఇవ్వండి. 3వ కాలును 100 ఓమ్‌ల ద్వారా మధ్య బిందువుకు కలపండి. 2వ కాలు నుంచి మధ్య బిందువుకు మరో 100 ఓమ్‌లు, అవుట్‌పుట్ నుంచి 2వ కాలుకు లక్ష ఓమ్‌లు. ఇప్పుడు ఐసీ తన ఆఫ్‌సెట్‌ను తానే 1,001 రెట్లు పెంచి చూపిస్తుంది.

మల్టీమీటర్ 60 మిల్లీవోల్టులు చూపిస్తే ఆఫ్‌సెట్ 60 మైక్రోవోల్టులు. ఓపీ07కు అది సగటు విలువ. ఓపీ07 అని రాసి ఉండి 2 వోల్టులు చూపిస్తే లోపలున్నది మరేదో. హెయిర్ డ్రైయర్‌తో ఐసీని సుమారు 20 డిగ్రీలు వేడెక్కించి మళ్లీ చూస్తే డ్రిఫ్ట్ కూడా తెలుస్తుంది. అంకె 140 మిల్లీవోల్టుల చుట్టుపక్కల జరిగితే అది ఎల్ఎం358 తీరు, 10 దగ్గర జరిగితే ఓపీ07 తీరు. ఓపీఏ333ను, 16 వోల్టులు దాటకూడని ఎల్‌టీసీ1050ను మాత్రం ఈ బ్యాటరీల మీద పెట్టొద్దు; ఓపీఏ333కు రెండు పెన్సిల్ సెళ్లు చాలు. ఏ ఐసీనైనా కరెంటు ఇచ్చిన వెంటనే కాకుండా కొన్ని నిమిషాలాగి, గాలి తగలకుండా కప్పి చూడాలి.

చివరికి ఏది వేయాలి?

ఇటీవలి కాంటాల్లో చాలావాటికి విడి ఆప్-ఆంప్ ఉండదు. హెచ్ఎక్స్711 లాంటి 24 బిట్ల చిప్పుల్లో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది. 128 రెట్లు పెంచుతుంది, 5 వోల్టుల మీద 20 మిల్లీవోల్టుల దాకా తీసుకుంటుంది, సెకనుకు పది కొలతల వేగంలో నాయిస్ 50 నానోవోల్టులు. మన రేటులో ఒక గ్రాము, వణుకు మొత్తం చూసినా ఏడు గ్రాముల లోపు. పాత కార్డులో ఐసీతో పాటు రెసిస్టర్లు కూడా పాడైతే, ఐసీకి ప్రత్యామ్నాయం వెతకడం కన్నా తయారీదారు ఇచ్చే కొత్త కార్డు వేయడమే చవక కావచ్చు. సొంతంగా వేరే కార్డు కట్టి బిగించడం మాత్రం కుదరదు. కాంటా మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం ఉంటుంది, లోపల మార్చేస్తే అది ఆ మోడల్ కాదు.

లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 ప్రకారం కాంటాలు రిపేరు చేయడానికి లైసెన్సు ఉండాలి. రిపేరు తర్వాత తూనికలు, కొలతల శాఖ మళ్లీ తనిఖీ చేసి ముద్ర వేయాలి. రిపేరు లేకపోయినా ఎలక్ట్రానిక్ కాంటాకు 12 నెలలకోసారి ఆ తనిఖీ తప్పదు. పైన చెప్పిన లెక్క ముద్రకు బదులు కాదు. లైసెన్సున్న మెకానిక్ ఏ ఐసీ ఎంచుకోవాలో, కాంటా యజమాని ఏం అడగాలో చెప్పేది మాత్రమే.

మన ఉదాహరణ కాంటా వరకు తీర్పు ఇది. 5 వోల్టుల రెగ్యులేటర్ ఉన్న కార్డు అయితే ఓపీఏ333 కుటుంబం, సగటు కాస్త పెంచి. ప్లస్, మైనస్ సరఫరా ఉన్న పాత కార్డు అయితే ఎల్‌టీసీ1050 తరహాది, ఆఫ్‌సెట్ పాట్ విప్పేసి. పెద్ద మెట్టు, 10 వోల్టుల సెల్ ఉంటే ఓపీ07, డ్రిఫ్ట్ కొలిచి చూశాక. 741, టీఎల్072, ఎల్ఎం358 లోడ్ సెల్ పక్కన వద్దు. బ్యాటరీ అయిపోవస్తోందని బజర్ మోగించే సర్క్యూట్‌లో ఆ ఎల్ఎం358 బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ కాంటా ఇది కాకపోతే నాలుగు సంఖ్యలు చాలు: సెల్ లేబుల్ మీది మిల్లీవోల్టులు, సెల్ సామర్థ్యం, సెల్‌కు ఇచ్చే వోల్టులు, కాంటా మెట్టు. వాటితో మీ రేటు కట్టి, మెట్టును మైక్రోవోల్టుల్లోకి మార్చి, ఐదుతో భాగించండి. వచ్చిన దానికన్నా గరిష్ఠ డ్రిఫ్ట్ తక్కువున్న ఐసీని, మీ కార్డు వోల్టేజీకి బతికేదాన్ని తీసుకోండి. దుకాణదారు పాత నంబరుకు సమానమని చెప్పి ఏది చేతిలో పెట్టినా, ముందు డ్రిఫ్ట్, వోల్టేజీ అనే ఈ రెండు గడులూ నింపి చూడండి.